కడలి నడుమ పరిచర్య: అండమాన్ దీవుల వైద్యసేవా చరిత్ర

రాజపాళయం పట్టణానికి చేరువనే సంజీవి కొండ ఉన్నది. మూర్ఛిల్లిన లక్ష్మణుని బ్రతికించుటకై ఆంజనేయుడు ఓషధీ పర్వతాన్ని పెకలించి ఆకాశమార్గాన తీసుకొనిపోతుండగా, అందుండి జారిపడిన ఒక తునకయే ఈ కొండ అయినదని ఇక్కడి పెద్దలు తరతరాలుగా చెప్పుకొంటున్నారు. అదే ఆంజనేయుని పేరు బంగాళాఖాతం నడుమనున్న ఒక ద్వీపమాలికకు కూడా ముడిపడి ఉన్నది. మలయా నావికులు ఆ దీవులను హండుమాన్ అని పిలిచేవారనీ, కాలక్రమాన ఆ మాటయే అండమాన్ అయినదనీ ఒక వాదం కలదు. పండితులందరూ ఈ వ్యుత్పత్తిని అంగీకరించలేదు. అయినను, సంజీవి కొండ నీడలో పెరిగినవారికి ఆ దీవులలో వైద్యం ఎట్లు అడుగుపెట్టినదో తెలిసికొనవలెనన్న కుతూహలం కలుగుటలో వింత లేదు. ఆ కథలో ఓషధి కంటె ముందు రోగం సముద్రం దాటింది.

అండమాన్ నికోబార్ దీవులు ఉత్తర దక్షిణాలుగా 700 కిలోమీటర్లకు పైగా వ్యాపించి ఉన్నవి. లెక్కకు ఐదు వందలకు మించిన దీవులే అయినా మనుషులు నివసించేవి నలభైకి లోపే. చెన్నపట్నం రేవులోనో విశాఖపట్నం రేవులోనో ఓడ ఎక్కినవారు సుమారు మూడు రోజులకు గాని ముఖ్యపట్టణం చేరరు. చిరకాలం పోర్ట్ బ్లెయిర్ అని పిలువబడిన ఆ పట్టణానికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. చెప్పబోయేది గతకాలపు ముచ్చట గనుక ఈ వ్యాసంలో పాత పేరే వాడబడింది. 2011 జనాభా లెక్కల నాటికి ఈ దీవులలో 3,80,581 మంది ఉండగా, వారిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాలనుండి వలలు భుజాన వేసికొని వెళ్ళిన బెస్తలు, కూలిపనికై వెళ్ళినవారు, చిన్న వ్యాపారులు అక్కడ స్థిరపడినారు. 1922-24 నాటి రంప పితూరీలో శిక్షపడినవారిలో కొందరు కూడా ఆ దీవులకు ద్వీపాంతరవాసులుగా పంపబడినారు. సొంత రాష్ట్రం కాని చోట తెలుగును నిలుపుకొన్న రాజపాళయం వారికి ఆ తెలుగువారి స్థితిగతులు వేరుగా వివరించనక్కరలేదు.

రాజపాళయానికి ఈ విషయంతో మరొక సంబంధం కూడా ఉన్నది. ఊరికి చేరువనున్న సత్రపట్టి పరిసరాలలోని మగ్గాలు నేసే కట్టుగుడ్డ, గాజుగుడ్డ దేశమంతటి ఆసుపత్రులకు పోతున్నది. ఆ గుడ్డను గాయానికి చుట్టే చేతులు ఎవరివో నేసినవారికి తెలియదు. ఇక్కడ చెప్పబోయేది అటువంటి చేతుల చరిత్రయే.

ఈ దీవులలో స్థిరపడవలెనని వచ్చిన తొలి ఐరోపావారిని తరిమినవి అక్కడి జ్వరాలే. 1768లో తమిళదేశపు తీరాన ఉన్న తరంగంబాడి నుండి మొరేవియన్ క్రైస్తవ సంఘంవారు నికోబార్ దీవులలోని నన్‌కౌరీకి వెళ్ళి విడిది చేశారు. మలేరియా వారిని ఒకరి తరువాత ఒకరిని పొట్టన పెట్టుకొన్నది. ఇరవై ఏళ్ళు నిండకుండానే, 1787లో, మిగిలినవారు ఆ స్థలాన్ని విడిచిపెట్టవలసి వచ్చింది. ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే నౌకాధికారి 1789లో దక్షిణ అండమాన్‌లో ఒక వలసను నెలకొల్పినాడు. 1792లో దానిని ఉత్తరానికి మార్చగా అక్కడి రోగాలు, మరణాలు భరింపరానివై 1796లో ఈస్టిండియా కంపెనీ ఆ ప్రయత్నమే మానుకొన్నది. అరవై ఏళ్ళకు పైగా ఆ వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. దీవులలో వేల సంవత్సరాలుగా వేట, చేపలు, దుంపలు, తేనెలతో జీవించిన ఆదిమ తెగలకు ఆ అరవై ఏళ్ళు ఒక గడువు వంటివి.

1857 తిరుగుబాటు అణచబడిన పిమ్మట ఆ గడువు తీరిపోయింది. 1858 మార్చి 10వ తేదీన 200 మంది ఖైదీలతో ఒక ఓడ పోర్ట్ బ్లెయిర్ చేరింది. వారిని తీసుకొని వచ్చిన అధికారి జేమ్స్ ప్యాటిసన్ వాకర్ వృత్తిరీత్యా వైద్యుడు. ఆగ్రా కారాగారాన్ని పాలించిన అనుభవం ఉన్నవాడు. వైద్యుడే పాలకుడుగా వచ్చినా ఖైదీలకు ఒరిగిందేమీ లేదు. తొలి నెలలలోనే ఎందరో ఆసుపత్రిలో మరణించారు. అడవిలోకి పారిపోయి తిరిగి పట్టుబడినవారిలో ఎనభై మందికి పైగా ఆయన ఆజ్ఞపై ఉరికంబమెక్కినారు. నాడి చూచిన చేయియే ఉరిశిక్షపై సంతకం చేసినదన్నమాట. ఆ కాలంలో శిక్షణ పొందిన పరిచారికలు అక్కడ ఎక్కడివారు? ఖైదీల ఆసుపత్రులలో రోగులకు నీళ్ళు పట్టి, పక్క మార్చి, గాయాలు కడిగినవారిలో ఖైదీలే ఉండేవారు. దొంగతనానికో హత్యకో శిక్షపడిన మనిషి పక్కనున్న జ్వరపీడితుని నుదుట తడిగుడ్డ వేసిన ఆ సేవను ఏ ప్రభుత్వ నివేదికా పేరుపెట్టి స్మరించలేదు.

ఆదిమ తెగల విషయానికి వస్తే, వారి పట్ల చూపబడిన దయయే వారికి చేటు తెచ్చిన వైనం మరీ బాధాకరం. 1863లో రెవరెండ్ హెన్రీ కార్బిన్ అనే క్రైస్తవ గురువు రాస్ దీవిలో అండమాన్ హోమ్ అనే ఆశ్రమాన్ని స్థాపించినాడు. గ్రేట్ అండమానీ తెగలవారిని అక్కడికి రప్పించి, తిండి పెట్టి, బట్ట కట్టించి, ఇంగ్లీషు నేర్పి నాగరికులను చేయవలెనన్నది ఉద్దేశం. తరువాత హోమ్‌ఫ్రే అనే అధికారి దానిని నడిపినాడు. వచ్చినవారందరూ తమంతట తాము వచ్చినవారు కారు. కొందరిని నిర్బంధంలోనే ఉంచారు. ఆశ్రమంలో పుట్టిన 150 మంది శిశువులలో ఒక్కరు కూడా రెండేళ్ళు దాటి బ్రతకలేదని చెప్పబడుతున్నది. 150 పుట్టుకలకు 150 చావులు! ఇరుకైన చోట కొత్త తిండి, కొత్త బట్ట, కొత్త మనుషులతోపాటు వారి శరీరాలు ఎన్నడూ ఎరుగని కొత్త రోగాలు కూడా వారిని చేరినవి.

1876 నాటికి మేహవ్యాధి ఆ తెగలలో పాకినట్లు అధికారులు గుర్తించారు. మరుసటి సంవత్సరం, 1877 మార్చిలో, తట్టు వచ్చింది. రాజపాళయం ఇళ్ళలో పిల్లవానికి తట్టు పోసిందంటే తలుపుకు వేపమండ కట్టి, చలువ పదార్థాలు పెట్టి, పది రోజులు కాచుకొంటారు. బిడ్డ లేచి తిరుగుతాడు. తరతరాలుగా ఆ రోగంతో పరిచయమున్న జాతికి అది పసితనపు జబ్బు. ఎన్నడూ ఎరుగని జాతికి మాత్రం అది మహామారి. పెద్దలు, పిల్లలు ఒక్కసారే పడకేస్తారు. నీళ్ళిచ్చే దిక్కుండదు, వేటకు పోయేవారుండరు. తట్టు చంపినవారితోపాటు పరిచర్య లేక చచ్చినవారూ ఉంటారు. ఆశ్రమాలకు వచ్చిపోయేవారి ద్వారా అడవి లోపలి పల్లెలకు వ్యాధి పాకి, వ్యాధి సోకినవారిలో సగానికి తక్కువ కాకుండా హతమార్చిందని అధికారుల అంచనా. 1858లో సుమారు ఐదు వేలుగా ఊహింపబడిన గ్రేట్ అండమానీల సంఖ్య 1901 నాటికి 625కు, 1931 నాటికి 90కి, 1961 నాటికి 19కి దిగజారిపోయింది. పది తెగలుగా, పది పలుకుబడులుగా వర్ధిల్లిన జనం ఒక పెళ్ళిపందిరిలో పట్టేంత మందిగా మిగిలినారు.

మారిస్ విడాల్ పోర్ట్‌మన్ అనే అధికారి 1879 నుండి ఈ తెగల వ్యవహారాలు చూచినాడు. వారికి ప్రత్యేకంగా చికిత్స ఏర్పాట్లు కూడా ఆయన హయాంలో జరిగినవి. తమ రాకయే వారి నాశనానికి హేతువన్న సంగతి ఆయనకు తెలియకపోలేదు. 1899లో ప్రకటించిన తన బృహద్గ్రంథంలో ఆ బాధ కనిపిస్తుంది. అయినా ఆయనే 1880లో ఉత్తర సెంటినెల్ దీవికి వెళ్ళి ఒక వృద్ధ దంపతులను, నలుగురు పిల్లలను పట్టి పోర్ట్ బ్లెయిర్ తెచ్చినాడు. అందరూ జబ్బుపడినారు. వృద్ధులిద్దరూ మరణించగా పిల్లలకు కానుకలిచ్చి తిరిగి వారి దీవిలో దించినారు. ఆ పిల్లలతోపాటు ఏ రోగం ఆ దీవికి చేరిందో ఎవరికీ తెలియదు. సెంటినెలీలు నేటికీ పరాయివారిపై బాణం ఎక్కుపెడుతున్నారంటే వారిని క్రూరులని నిందించే ముందు ఈ ఉదంతాన్ని తలచుకోవడం న్యాయం.

ఇదే కాలంలో ప్రధాన భూభాగంలో పరిచర్య ఒక విద్యగా రూపుదిద్దుకొంటున్నది. ఫ్లోరెన్స్ నైటింగేల్ లండనులో 1860లో తన శిక్షణాలయాన్ని ప్రారంభించగా, భారతదేశంలో 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ మొదలైంది. 1926లో మద్రాసు రాజధానిలో నర్సులకు, మంత్రసానులకు సంబంధించిన చట్టం వచ్చింది. కాని ఆ దీపం వెలుగు దీవుల దాకా ప్రసరించడానికి చాల కాలం పట్టింది. దేశంలోనే వారు కొరత. స్వాతంత్ర్యానికి ముందు 1946లో భోర్ కమిటీ లెక్క తీసినప్పుడు సుమారు 43 వేల మంది జనానికి ఒక్క నర్సు ఉన్నట్లు తేలింది. చెన్నపట్నానికే చాలని నర్సులు నల్లనీళ్ళు దాటి ఎందుకు పోతారు? పైగా సముద్రం దాటడమే అపచారమని తలచిన రోజులవి. 1942 మార్చి నుండి 1945 వరకు జపాను సైన్యం ఆ దీవులను ఆక్రమించుకొన్నది. అక్కడి ప్రజల ఆదరం పొందిన వైద్యుడు, పంజాబీ కవి దీవాన్ సింగ్ ఆ సైన్యపు చిత్రహింసలకు గురియై 1944 జనవరిలో అసువులు బాసినాడు.

స్వాతంత్ర్యానంతరం దీవుల స్వరూపమే మారింది. తూర్పు బెంగాలు నుండి వచ్చిన కాందిశీకులకు 1949 నుండి అక్కడ భూములిచ్చారు. 1951లో 31 వేలకు కొంచెం తక్కువగా ఉన్న జనాభా అరవై ఏళ్ళలో పన్నెండు రెట్లు పెరిగింది. 1963లో పోర్ట్ బ్లెయిర్‌లో గోవింద వల్లభ పంత్ పేరిట పెద్దాసుపత్రి ఏర్పడింది. దానికి స్థలం దొరికినది సెల్యులార్ జైలు ఆవరణలో! ఏడు రెక్కలుగా కట్టబడిన ఆ కారాగారంలో చివరకు మూడు రెక్కలే మిగిలినవి. దేశభక్తులు గానుగ తిప్పిన నేలమీద రోగుల మంచాలు వెలసినవి. జ్ఞాపకచిహ్నాన్ని కూల్చడం తగదని నాటి బందీలు చేసిన ఆందోళన వలన మిగిలిన భాగం నిలిచింది. రెండు పక్షాల మాటలోనూ న్యాయం లేకపోలేదు.

పెద్దాసుపత్రి ఒక్కటే దీవుల కష్టం తీర్చజాలదు. మైదానప్రాంతంలో సహాయక నర్సుకు, అనగా ఏ.ఎన్.ఎం.కు, కష్టమైన కాన్పు వస్తే బండినో కారునో పిలిచి తాలూకా ఆసుపత్రికి పంపే వీలున్నది. దీవిలోని ఉపకేంద్రంలో ఉన్న నర్సమ్మకు అట్టి వీలు లేదు. వైశాఖం దాటగానే నైరుతి గాలులు లేస్తాయి. అలలు రేవు గోడలు దూకుతాయి. పడవ బయలుదేరదు, హెలికాప్టరు ఎగరదు. అప్పుడు డాక్టరూ ఆమెయే, మంత్రసానీ ఆమెయే, మందుల కొట్టూ ఆమెయే. రోగిని ఇప్పుడే పడవెక్కించాలా, గాలి తగ్గేదాకా ఆగాలా అన్న నిర్ణయం ఆమె ఒక్కతెయే చేయవలసి ఉంటుంది. పడవలో పోతే దారిలో ప్రాణం పోవచ్చు, ఆగితే మంచంమీదనే పోవచ్చు. ఏ పాఠ్యగ్రంథమూ ఈ లెక్కను నేర్పదు.

మైదానం నుండి వచ్చి స్థిరపడినవారి సంగతి ఇట్లుండగా, ఆదిమ తెగల మధ్య పరిచర్య మరొక మెట్టు కఠినమైనది. 1877 నాటి పాఠం అక్కడ నిత్యం ఎదురుగా నిలుస్తుంది. వైద్యం చేయబోయిన మనిషి తుమ్ము కూడా వారికి ప్రమాదకరమే.

దక్షిణ, మధ్య అండమాన్ పడమటి అడవులలో నివసించే జరవాలు వంద సంవత్సరాలకు పైగా పరాయివారిని బాణాలతోనే ఎదుర్కొన్నారు. 1996లో మధ్య అండమాన్‌లోని కదంతలా వద్ద కాలు విరిగి కదలలేని ఒక జరవా బాలుడు పల్లెవాసులకు దొరికినాడు. వారు అతనిని చంపలేదు, విడిచి పోలేదు. పోలీసుల ద్వారా పోర్ట్ బ్లెయిర్ పెద్దాసుపత్రికి చేర్చారు. అతడక్కడ నెలల తరబడి ఉన్నాడు. మాట తెలియని, తిండి ఎరుగని, నాలుగు గోడలు చూడని బిడ్డ అతడు. ఎముక అతికించినది వైద్యులు. కాని పగలూ రాత్రీ దగ్గరుండి, సైగలతో ఆకలి కనుక్కొని, భయం పోగొట్టినది వార్డులోని నర్సులు, ఆయాలు. అక్టోబరులో అతనిని తిరిగి అడవి అంచున విడిచిపెట్టారు. సరిగా ఒక సంవత్సరానికి, 1997 అక్టోబరులో, జరవాలు పట్టపగలు విల్లంబులు లేకుండా జనావాసాల వద్దకు వచ్చారు. వారిలో ఆ బాలుడూ ఉన్నాడు. శతాబ్ద కాలం సాయుధ పోలీసులకు, కానుకల మూటలకు లొంగని జనం ఒక ఆసుపత్రి మంచం తరువాత బయటికి వచ్చారని చెప్పుకొంటారు. ఆ ఒక్కటే కారణమని తేల్చి చెప్పడం చరిత్రకారునికి తగదు. అడవిని చీల్చుకొంటూ వేసిన ట్రంకు రోడ్డు, వేటజంతువుల తరుగుదల కూడా కారణాలు కావచ్చును. ఆ బాలునికి జరిగిన పరిచర్య మాత్రం వాటిలో తప్పక లెక్కకు వచ్చేదే.

ఇక్కడే కథ ముగిసియుంటే ఎంతో సంతోషం. కాని బయటికి వచ్చినందుకు జరవాలు వెల చెల్లించారు. మొదట దగ్గు, న్యుమోనియా పట్టుకొన్నవి. 1999లో తట్టు వచ్చింది! నూట ఇరవై రెండేళ్ళ నాటి ఘట్టమే తిరిగి మొదలైనట్లు అధికారులు భయపడినారు. అయితే ఈసారి కదంతలా ఆరోగ్యకేంద్రంలో వైద్యుడు రతన్ చంద్ర కర్, ఆయన తోడి సిబ్బంది ఉన్నారు. జబ్బుపడినవారిని వేరుచేసి, మందులిచ్చి, నీరు పట్టించి, తిండి పెట్టి కాపాడినారు. 1877లో లేనిది ఇదే. తట్టును నేరుగా చంపే మందు నేటికీ లేదు. దానితో వచ్చే న్యుమోనియాకు మందులున్నవి. తక్కినదంతా దగ్గరుండి చూచుకొనే మనిషి పని. 2001లో 240గా లెక్కించిన జరవాల సంఖ్య 2011 నాటికి 380కి పెరిగింది. డాక్టర్ కర్‌కు 2023లో పద్మశ్రీ లభించింది. ఆయన వెంట అడవిలో నడిచిన నర్సుల పేర్లు పత్రికలలో అంతగా రాలేదు. వైద్య చరిత్రలో ఇది సర్వసాధారణం. శస్త్రం పట్టినవారి పేరు నిలుస్తుంది, దీపం పట్టినవారి పేరు నైటింగేల్ వంటి ఒకరిద్దరిది తప్ప నిలవదు.

పేరు నిలిచిన కొద్దిమందిలో శాంతి తెరెసా లక్రా ఒకరు. ఛోటానాగపూర్ ప్రాంతం నుండి అటవీ కూలీలుగా అండమాన్ చేరిన గిరిజనులను అక్కడివారు రాంచీలని పిలుస్తారు. అట్టి ఒరావ్ కుటుంబంలో, మధ్య అండమాన్‌లోని రంగత్ ప్రాంతంలో ఆమె 1972లో జన్మించారు. నర్సు శిక్షణ పొంది ఉద్యోగంలో చేరిన ఆమెను 2001లో లిటిల్ అండమాన్ దీవిలోని దుగాంగ్ క్రీక్‌కు నియమించారు. అది ఓంగీల నివాసం. 1901లో 672 మందిగా ఉండిన ఓంగీలు ఆమె వెళ్ళే నాటికి వందకు లోపే. ప్రభుత్వం వారిని 1970లలో ఒకచోట చేర్చి చెక్క ఇళ్ళు కట్టించి, బియ్యం, పంచదార, తేయాకు, పొగాకు ఇవ్వసాగింది. వేట తగ్గింది, బలహీనత పెరిగింది. పెళ్ళయిన జంటలలో సంతానం లేనివారు చాలమంది ఉండేవారు. అట్టి తెగలో ఒక్క కాన్పు చెడిపోవడమంటే ఒక ఇంటి దుఃఖం మాత్రమే కాదు. నూటికొక్కరి లెక్కన జాతియే తరిగిపోతుంది.

దుగాంగ్ క్రీక్ చేరడానికి ఆనాడు రహదారి లేదు. లిటిల్ అండమాన్ రేవు హట్ బే నుండి చిన్న పడవలో సముద్రం మీదుగా పోవాలి, లేదా అడవిలో నడవాలి. వెళ్ళిన నర్సుకు ముందుగా కావలసినది మందుల పెట్టె కాదు, మాట. ఓంగీ భాషకు లిపి లేదు. విని నేర్చుకొనవలసినదే. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ళనుండి, నెల తప్పి ఎన్నాళ్ళయింది, ఈ నాలుగు మాటలు రోగి భాషలో అడుగలేని నర్సు ఎంత చదివినా సగం నర్సే. జబ్బుపడినవారికి ఎర్రమట్టిని కొవ్వుతో కలిపి పూయడం అండమాన్ తెగలలో పూర్వాచారం. దానిని తుడిచివేసి సూది పొడవబోతే రోగి అడవిలోకి వెళ్ళిపోతాడు. పూత పూతగానే ఉండనిచ్చి, మాత్రను దానికి తోడు చేయవలెను. వేటకు పోయినవారు రోజుల తరబడి తిరిగి రారు. ఉపకేంద్రంలో కుర్చీ వేసికొని కూర్చున్నంత మాత్రాన రోగులు రారు గనుక నర్సే అడవిలోని వారి విడిదికి నడవవలసి వచ్చేది. శాంతి లక్రా ఆ విధంగా నడిచి, వారితో కలిసిమెలిసి, కాన్పులకు వారు తనను పిలిచేంత నమ్మకం సంపాదించారు.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. సముద్రం వెనక్కు తగ్గడం చూచిన ఓంగీలు పెద్దలు చెప్పిన మాటను గుర్తుంచుకొని మెరక ప్రాంతాలకు చేరుకొన్నారు. ఆ తెగలో ఒక్కరు కూడా చనిపోలేదు. చదువుకొన్నవారి యంత్రాలు హెచ్చరించని ఆపదను చదువురాని తాతల మాట హెచ్చరించిందని అప్పట్లో పత్రికలు విస్తారంగా వ్రాసినవి. ప్రాణాలు దక్కినా నివాసం ధ్వంసమైంది. ఆరోగ్యకేంద్రం మిగలలేదు. ఆ స్థితిలో ఉద్యోగి వెనుకకు వెళ్ళిపోయినా తప్పుపట్టేవారుండరు. శాంతి లక్రా వెళ్ళలేదు. అడవిలో తాత్కాలికంగా వేసిన పాకలలో ఓంగీలతోపాటే ఉండి, గాయాలకు, జ్వరాలకు, పసిపిల్లలకు పరిచర్య కొనసాగించారు. ఐదేళ్ళ పిమ్మట పోర్ట్ బ్లెయిర్ పెద్దాసుపత్రికి బదిలీ అయినా, ఆదిమ తెగల రోగులు వచ్చినప్పుడు వారి బాగోగులు చూచే పని ఆమెను విడువలేదు. ఆమె సేవకు గుర్తింపుగా 2011లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ప్రదానం చేసింది. అదే సంవత్సరపు జనాభా లెక్కలలో ఓంగీలు 101 మంది. 2001లో వారు 96 మంది. పదేళ్ళలో పెరిగినది ఐదుగురే! కాని 2008 డిసెంబరులో ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన డబ్బాలోని ద్రవాన్ని సారా అని భ్రమించి త్రాగి ఎనిమిది మంది ఓంగీలు మరణించారు. ఆ ఎనిమిది మందిని తీసివేసినా సంఖ్య తగ్గకపోవడం వెనుక ఎన్ని సుఖప్రసవాలున్నవో ఊహించుకొనవచ్చును.

జరవాల విషయమై 2004లో ప్రభుత్వం ప్రకటించిన విధానం గతానుభవాలను చాలవరకు లెక్కలోనికి తీసికొన్నది. వారి జీవితంలో జోక్యం కనీసంగా ఉండవలెననీ, చికిత్స సాధ్యమైనంతవరకు వారున్న చోటనే జరుగవలెననీ, నగరంలోని ఆసుపత్రికి తేవడం తప్పనిసరి అయినప్పుడే అనీ అందులోని సారాంశం. అండమాన్ హోమ్ రోగిని తనవద్దకు లాగింది. నూట నలభై ఏళ్ళకు నర్సును రోగివద్దకు పంపడం నియమమైంది. నియమం కాగితంమీద ఉన్నంత చక్కగా అడవిలో నడిచిందని చెప్పలేము. 2006లో తట్టు మరొకసారి జరవాలలో కనిపించింది. ట్రంకు రోడ్డు మీద వాహనాలు ఆగలేదు.

మిగిలిన గ్రేట్ అండమానీలను ప్రభుత్వం 1970 ప్రాంతంలో స్ట్రెయిట్ దీవికి చేర్చింది. వారి పలుకుబడులలో ఒకటైన బో భాష తెలిసిన చివరి వృద్ధురాలు బోవా సీనియర్ 2010 జనవరిలో కన్నుమూశారు. తన భాషలో మాటాడేవారు లేక ఆమె పక్షులతో మాటాడేవారని ఆ భాషలను అధ్యయనం చేసిన పండితురాలు అన్వితా అబ్బి తెలిపారు. 2020లో కోవిడ్ వచ్చేనాటికి ఈ తెగవారు సుమారు 59 మంది. ఆ ఏప్రిల్‌లోనే పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న వారిలో పలువురిని ముందుజాగ్రత్తగా స్ట్రెయిట్ దీవికి తరలించారు. అయినా ఆగస్టులో పట్టణంలో ఉన్నవారిలో ఆరుగురికి వ్యాధి సోకినట్లు తేలింది. వెంటనే ఆరోగ్య సిబ్బంది బృందం ఒకటి చెడు వాతావరణంలోనే సముద్రం మీద స్ట్రెయిట్ దీవికి వెళ్ళి 37 మందిని పరీక్షించింది. నలుగురికి వ్యాధి ఉన్నట్లు కనుగొన్నది. మొత్తం పది మంది. తెగలో ఆరవ వంతు! వారిని మిగిలినవారినుండి వేరుచేసి చికిత్స చేశారు. పది మందీ కోలుకొన్నారు.